చెకింగ్‌లో బద్లీ

కంపెనీ ఫైల్లో సుకుమారి పేరు మీద నాలుగేళ్లుగా భద్రంగా ఉన్న గుండె నాది. ఈ మాట బయటపెడితే నా పని పోవచ్చు. కానీ ఇది దాస్తే సుకుమారి సంగతి సగం కూడా చెప్పినట్టు కాదు.

మేమిద్దరం బొల్లారంలో మాత్రలు చేసే ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాం. నాకు యాభై ఒకటి, తనకు నలభై మూడు. పోతిరెడ్డిపల్లిలో పక్కపక్క సందుల్లో ఉంటాం, ఒకే కంపెనీ బస్సెక్కుతాం. నన్ను రాధక్కా అని పిలుస్తుంది. నా నోరు పెద్దది, తనది చిన్నది. లైన్‌లో ఎవరైనా రాకపోతే వాళ్ల చోట నిలబడే మనిషిని మా దగ్గర బద్లీ అంటారు. పిల్లకు జ్వరమని ఒకరికి, చర్చిలో పెళ్లుందని ఇంకొకరికి, ఇరవై ఏళ్లుగా నేను బద్లీ నిలబడుతూనే ఉన్నాను. అడిగితే కాదనలేను, అదే నా జబ్బు.

సుకుమారి ఎవరినీ ఏదీ అడగదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటుంది, పక్క సీట్లో నేను తప్ప ఎవరూ కూర్చోకూడదు. వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడుతుంది. భర్త ప్రభాకర్ మంచివాడు, ఆదివారం కూర తనే వండుతాడు. అంత నెమ్మదైన ఇంట్లో ఉండి ఈ మనిషికి దేనికింత భయమని నాకు చిరాకొచ్చేది. ఒకసారి మొహం మీదే అనేశాను. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఏడాదికోసారి డాక్టర్లు వచ్చి మా క్యాంటీన్‌లో అందరినీ పరీక్ష చేస్తారు. దాన్ని మేం చెకింగ్ అంటాం. ఒంటి మీద మాత్రలేమైనా దాచామా అని గేటు దగ్గర వెతికేదాన్ని కూడా చెకింగే అంటాం. రెండింటికీ ఒకటే మాట. సుకుమారికి ఆ మాట వింటేనే చేతులు చల్లబడతాయని నాలుగేళ్ల కిందట తెలిసింది.

ఆ రోజు మైకులో "చెకింగ్ ఉన్నది, టోకెన్లు తీసుకోండ్రి" అని చెప్పగానే నన్ను పక్కకు లాక్కెళ్లింది.

"రాధక్కా, గా పరద ఎనక పడుకునుడు నాతోని కాదు. గీసారి కొత్తగ గుండె పరీక్ష పెట్టిండ్రు, చేసేటోడు మగోడట."

"అయితే ఏంది? ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు లేని సిగ్గు నీకెందుకే?"

"సిగ్గు కాదక్కా."

తర్వాత గోడ వైపు చూస్తూ చెప్పింది. పంతొమ్మిదేళ్లప్పుడు వేరే కంపెనీలో పని చేసిందట, అది ఎప్పుడో మూతబడింది. అక్కడ ఆడవాళ్లను వెతకడానికి ఆడమనిషి లేదు. స్టోర్ సూపర్‌వైజరే చెకింగ్ అని గదిలోకి పిలిచి తలుపు వేసేవాడు. రెండేళ్లు అలా జరిగింది. బయటికొచ్చాక గేటు మనిషి "చెకింగ్ అయిందా?" అనేవాడు, అయిందని చెప్పి ఇంటికి వెళ్లేది. తల్లికి చెబితే నోరు మూసుకుని పని చేసుకోమంది. ప్రభాకర్‌కు ఈనాటికీ తెలియదు.

నా ఒళ్లు మండిపోయింది. వాడు కనిపిస్తే చెప్పు తెగేదాకా కొట్టేదాన్ని. వాడెక్కడున్నాడో, అసలున్నాడో లేడో కూడా ఎవరికీ తెలియదు. నాకు చేతనైన సాయం ఒక్కటే కనిపించింది. ప్యాకింగ్‌లో అందరం ఒకే నీలం గౌను, టోపీ, మాస్కు వేసుకుంటాం, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. నా టోకెన్‌తో ఒకసారి పడుకున్నాను, గంట ఆగి సుకుమారి టోకెన్‌తో ఇంకోసారి పడుకున్నాను. మూడొందల మందికి పరీక్ష చేసేవాడు మొహం చూడడు, నంబరు చూస్తాడు. తర్వాత మూడేళ్లూ అదే చేశాం. బస్సులో తలచుకుని నవ్వుకున్నాం కూడా.

మొన్న జూలై నుంచి సుకుమారి బస్సు మెట్లు ఆగి ఆగి ఎక్కుతోంది. దవడ లాగుతోందనేది, వీపు మధ్య బరువనేది, నిద్ర పట్టడం లేదనేది. మా దగ్గర అన్నింటికీ ఒకటే పేరు, గ్యాస్. గాలిలో వాసనొస్తే కంపెనీ గ్యాస్, ఛాతీలో నొప్పొస్తే కడుపు గ్యాస్. నేను కూడా వాము నీళ్లు తాగమన్నాను.

పోయిన మంగళవారం పొద్దున లైన్ మీదే చెమటలు పట్టి స్టూలు మీద కూలబడింది. కంపెనీ డాక్టరు దగ్గరికి నడిపించుకుని వెళ్లాను. ఆయన బీపీ చూసి, ఫైలు తెరిచి, కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. అవన్నీ నా గుండె గీతలే.

"బీపీ జెర ఎక్కువున్నది గని గుండె మస్తుగున్నదమ్మా. నాలుగేండ్ల ఈసీజీలల్ల ఒక్కదాంట్ల తేడా లేదు. గ్యాసే ఇది" అని మాత్ర రాశాడు.

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే ఇద్దరి పనీ పోతుందనిపించి మింగేశాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది. బయటికి రాగానే గేటు పాసు రాయించి, ఆటో ఆపి సుకుమారిని ఎక్కించాను.

"యాడికక్కా?"

"పటాన్‌చెరు దవాఖానకు. గీసారి నీ గుండెనే సూపియ్యాలె."

"మగోడుంటడు."

"ఉంటే ఉండనీ. నేనున్న గద."

దారంతా నా చెయ్యి వదల్లేదు. తన చెయ్యి తడిగా, చల్లగా ఉంది. లారీల మధ్య ఆటో ఆగిన ప్రతిసారీ తన ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. దేవుళ్లందరికీ మొక్కాను, సుకుమారి నమ్మే ప్రభువుకు కూడా.

దవాఖానలో ఈసీజీ తీసేది యాదగిరి అనే పెద్దమనిషి. ఆ పూట ఆడవాళ్లెవరూ లేరన్నాడు. సుకుమారి మంచం మీద నుంచి లేచి చెప్పులు వెతుక్కుంది. "పోదాం పా అక్కా. గ్యాసే కావచ్చు."

అప్పుడు తట్టింది నాకు. నాలుగేళ్లలో ఎనిమిదిసార్లు పడుకున్నదాన్ని, ఏ వైరు ఎక్కడ అంటిస్తారో నాకు తెలుసు.

"అన్నా, నువ్వు పరద అవతల నిలబడి చెప్పు. నేను పెడ్త."

"తప్పు పెడితే కాగితం తప్పొస్తదమ్మా."

"జెర నిమ్మళంగ చెప్పు, తప్పు పోనియ్య."

ఆయన ఒక నిమిషం ఆలోచించి పరదా లాగాడు. నాలుగో పక్కటెముక కింది సందు ఎక్కడో వేలితో ఎలా వెతకాలో అవతల నుంచే చెప్పాడు. చేతులకూ కాళ్లకూ క్లిప్పులు పెట్టాను. ఛాతీ మీద ఆరు వైర్లు పెట్టాలి. ఒక్కోదానికి ముందు "పెట్టనా?" అని అడిగాను. మూడోదానికి ఏడ్చింది, నేను ఆగాను. కాసేపటికి తనే "పెట్టు" అంది. మిషన్ నుంచి కాగితం రాగానే వైర్లు తీసేసి తన బట్టలు సర్దాను.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చూసింది. "ఈమెకు ఇంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చినట్టుంది. ఏడాదైందో రెండేళ్లయిందో పాత ఈసీజీలు చూస్తే తెలుస్తుంది. కంపెనీలో ఏటా తీస్తారు కదా?"

 అది వచ్చిన ఏడాది ఆమె పేరుతో పరదా వెనక పడుకున్నది నేనే. నేను నోరు తెరిచేలోపే సుకుమారి అందుకుంది.

"ఉన్నయి మేడం. గని అవి నావి గావు."

అంతా చెప్పింది. టోకెన్ సంగతి, స్టోర్ గది సంగతి, తలుపు సంగతి. గొంతు చిన్నదే అయినా మధ్యలో ఆగలేదు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి విన్నది.

"ఇలాంటివి పడిన ఆడవాళ్లకు ఏళ్ల తర్వాత బీపీ, గుండె జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువమ్మా. భయం లోపలే ఉండిపోతుంది, ఒళ్లు దాన్ని మోస్తూనే ఉంటుంది. అందులో నీ తప్పేమీ లేదు. ఈరోజే చేరాలి. రేపు రక్తనాళాలు చూడాలి."

"నాదే తప్పు మేడం" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ప్రభాకర్‌కు ఫోన్ చేసి బయట బెంచీ మీద కూర్చున్నాను. రేపు ఏం చెబుతారో, ప్రభాకర్‌కు ఏం చెప్పాలో తెలియదు. సుకుమారి నా పక్కనే చక్రాల కుర్చీలో ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని గీతల మీద వేలు పెట్టి చూస్తోంది. నర్సు తలుపు తీసి పిలిచింది.

"సుకుమారి ఎవరమ్మా?"

నాలుగేళ్ల అలవాటు, నేను లేచి నిలబడ్డాను.

సుకుమారి నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

"కూసో అక్కా" అంది. "నేనే."