తొంభై ఒక్క కేజీల గ్యారంటీ

పీర్ మహమ్మద్ తాను వేలాడి చూడనిదే గోడకి దేన్నీ తగిలించనిచ్చేవాడు కాదు. ఫ్యాను కొక్కెం, ఉయ్యాల గొలుసు, కర్టెన్ కడ్డీ, ఏది బిగించినా సరే. పని అయ్యాక చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి, "బిస్మిల్లా" అని దాన్ని రెండు చేతులా పట్టుకుని కాళ్లు మడిచేసేవాడు. గాల్లోనే ముప్పై దాకా లెక్కపెట్టేవాడు. నిలబడితే పాసు. ఊడితే కింద పడేవాడు. లేచి దులుపుకుని ఇంటివాళ్లని అభినందించేవాడు.

"అదృష్టవంతులండీ మీరు. నాను పడ్డాను కాబట్టి సరిపోయింది. అదే మీ పిల్లలు పడుంటే?"

కర్టెన్ కడ్డీకి పిల్లలెందుకు వేలాడతారని అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అప్పటికే కడ్డీ విల్లులా వంగిపోయి ఉండేది.

ఆయన పోయి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ విశాఖ వన్‌టౌన్‌లోని ఆ సందులో ఎవరింట కొత్త మేకు దిగినా, ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజి చూస్తారు.

ఈ జబ్బు ఆయనకి పోర్టులో అంటుకుంది. అక్కడ ముప్పై నాలుగేళ్లు ఖలాసీగా చేశాడు. ఓడలోని బరువులకి గొలుసులు కట్టి, క్రేను వాటిని పైకెత్తే ముందు కట్టు గట్టిదో కాదో చూసేవాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఆ పరీక్ష మానేవాడు కాదు. రిటైరయ్యాక ఓడలు పోయాయి గానీ పరీక్ష మిగిలిపోయింది. పరీక్షకి బరువు కావాలి కదా, ఆ బరువు తనే అయ్యాడు. తొంభై ఒక్క కేజీలు.

బరువు తగ్గమని డాక్టరు చెబితే ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నాను తగ్గితే నా గ్యారంటీ తగ్గిపోదేటండీ?"

రంజాన్ నెలలో ఉపవాసాలకి నాలుగైదు కేజీలు ఎలాగూ తగ్గేవాడు. ఆ నెలంతా పనికి వెళ్లేటప్పుడు సంచిలో రెండు ఇటుకలు పట్టుకెళ్లి, నడుముకి కట్టుకుని మరీ వేలాడేవాడు. తక్కినవాళ్ల భార్యలు కళ్లజోడు మర్చిపోలేదు కదా అని అడిగినట్టే, ఆయన భార్య మహబూబున్నీసా గుమ్మంలో నిలబడి, "ఇటుకలు పట్టుకున్నారా?" అని అడిగేది.

ఎదురింటి ప్రేమలీల కొత్త కాపురానికి వచ్చిన రోజుల్లో ఆయన్ని పిచ్చివాడనుకుంది. తర్వాత నలభై ఏళ్లలో ఆ అభిప్రాయం మార్చుకునే అవసరం ఆమెకి పడలేదు.

ఆమె భర్త జ్ఞానదాసు అదే పోర్టులో క్రేను ఆపరేటరు. కింద నుంచి పీర్ మహమ్మద్ చెయ్యి ఊపితేనే పైన జ్ఞానదాసు లివరు లాగేవాడు. ఎవరు చెప్పినా వినని మనిషి, ఆ ఒక్క చేతి మాట వినేవాడు.

అలాంటి జ్ఞానదాసుకి రిటైరయ్యాక పక్షవాతం వచ్చింది. కాలు పదిహేను రోజుల్లో దారికొచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. ఆ చేత్తోనే రోజూ ఏదో ఒకటి పట్టుకోవాలి, లాగాలి, వాడితేనే అది తిరిగొస్తుందని డాక్టరు చెప్పాడు. జ్ఞానదాసు లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. వ్యాయామం చేయించే మనిషి వస్తే దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. మూడు నెలలు గడప దాటలేదు.

"పోనీ పీరన్నయ్యనైనా రమ్మంటానండీ" అంది ప్రేమలీల.

"ఆడు అసలొద్దు. ఈ సెయ్యి ఆడు సూడకూడదు."

ఆ సమయంలో ఇంట్లో టీవీ చెడిపోయింది. ప్రేమలీలకి ప్రాణం లేచొచ్చింది. జ్ఞానదాసు అన్నం లేకుండా ఉండగలడేమో గానీ వార్తలు లేకుండా ఉండలేడు. కొత్త టీవీ కొని, బయట వసారా గోడకి పెట్టించేస్తే? టీవీ బయటుంటే మనిషి బయటికి రాక ఏం చేస్తాడు?

ఉపాయం బాగానే ఉంది. గోడే బాగాలేదు. తుఫానుకి పెచ్చులూడిన ఆ ఇటుక గోడ మీద సన్నటి ఇనుప బద్దలు దిగ్గొట్టి, పైన నీలం రేకులు తొడిగారు. చూడ్డానికి గోడలా ఉంటుంది. వెనకాల రెండంగుళాలు ఖాళీ.

షాపు నుంచి వచ్చిన ఫిట్టరు సాయిశంకర్ పది నిమిషాల్లో బ్రాకెట్టుని రేకుకి బిగించేసి, టీవీ పెట్టె మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే ఎదురింటి నుంచి కేక వినిపించింది.

"ఆగు బాబూ! రేకుకే కొట్టీసావేటి?"

"గట్టిగానే ఉందండి."

"గట్టిదని ఎవులు సెప్పారు? ఏలాడి సూసేవా?"

"టీవీ పదమూడు కేజీలేనండి. నేనెందుకు వేలాడతానండి?"

పీర్ మహమ్మద్ ప్రేమలీల వైపు జాలిగా చూశాడు. "సూసేవా సెల్లెమ్మా? సేసిన పని మీద ఆడికే నమ్మకం లేదు."

"అన్నయ్యా, నీకు దండం పెడతాను, వద్దు" అంది ప్రేమలీల. అప్పటికే చెప్పులు విడిచేశాడాయన.

"బిస్మిల్లా. ఒకటి... రెండు..."

మూడు అనలేదు. బ్రాకెట్టుతో పాటు రేకు వచ్చింది, దాన్ని పట్టుకుని పక్క రేకు వచ్చింది, ఆ రెండూ పోయాక నేనెందుకని మూడోదీ వచ్చింది. ఓడలోంచి కంటెయినరు జారినంత చప్పుడయింది. సందులో కుక్కలన్నీ ఒక్కసారి మొరిగి ఊరుకున్నాయి. రేకుల కింద నుంచి గొంతు ఒక్కటే వినిపించింది.

"ఫెయిలు!"

లోపల తలుపు భళ్లున తెరుచుకుంది. "ఒరే పీరూ! బతికున్నావేట్రా!" అంటూ జ్ఞానదాసు ఒక్క ఉరుకున వసారాలోకి వచ్చేశాడు. వచ్చాక గానీ తాను వచ్చినట్టు ఆయనకి తెలియలేదు. తెలిశాక ఎడమ చేతిని గబుక్కున వీపు వెనక్కి లాక్కున్నాడు.

రేకు కింద నుంచి పీర్ మహమ్మద్ ఆ చేతిని చూశాడు. చూసి, నిన్న సాయంత్రమే కలుసుకున్నట్టు, "సూడు బావా, కట్టు సూడకండా బరువెత్తుతారు ఈ కాలం వోళ్లు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని పని తానే చేశాడు. రేకుల్ని మళ్లీ బిగించాడు. రేకు నొక్కుకుపోకుండా వెనక ఖాళీలో గొట్టం ముక్కలు పెట్టి, పొడుగాటి బోల్టులు ఇటుక గోడలోకి దించాడు. చినుకు దూరకుండా కన్నాల చుట్టూ గమ్ము పూశాడు. వేలాడాడు. ముప్పై లెక్కపెట్టాడు. బ్రాకెట్టు కదల్లేదు.

"ఇంక టీవీ పెట్టేద్దామా అన్నయ్యా?"

"అప్పుడే ఏటి సెల్లెమ్మా? ఇది బయట గోడ. ఉప్పుగాలి కొడతాది. దీనికి ఒక్క రోజు పరీక్ష సాలదు. రోజూ పొద్దున్న ఏడింటికి వొత్తాను. బావ కూడా ఉండాల. క్రేను ఆపరేటరు లేకండా ఏ పరీక్షా సెల్లదు."

మర్నాటి నుంచి ప్రేమలీల వంటింట్లో టిఫిను చేసుకుంటుంటే వసారాలోంచి లెక్క వినిపించేది. "ఒకటి... రెండు... మూడు... ఫెయిలు!" ఆమె చేస్తున్న పని ఆపేది. నిన్న ముప్పై నిలిచిన గోడ ఇవాళ మూడుకే పోయిందా? వారం పోయాక ఐదు. ఇంకో వారానికి ఎనిమిది. టీవీ పెట్టెలోనే ఉంది. జ్ఞానదాసు పొద్దున్న కాసేపు వసారాలో కూర్చుని, మళ్లీ గదిలోకి వెళ్లిపోతున్నాడు. చేపలమ్మే చిట్టెమ్మ తట్ట దించకుండానే అడిగేది.

"అమ్మగోరూ, టీవీ పాసయ్యిందేటి?"

ఇరవై ఆరో రోజున ప్రేమలీల ఓర్పు నశించి సాయిశంకర్‌ని పిలిపించింది. అతను బ్రాకెట్టుని నాలుగు వైపులా గుంజి చూసి నోరు తెరిచాడు.

"అమ్మగారూ, దీనికి టీవీ కాదు, గేదెని తగిలించుకోవచ్చు. ఇంకా పరీక్షేంటండి?"

మర్నాడు ఏడింటికి లెక్క మొదలవగానే ప్రేమలీల చేతిలో అట్లకాడతోనే బయల్దేరింది. అనాలనుకున్న మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. వసారా మలుపు దగ్గర ఆగిపోయింది.

బ్రాకెట్టుకి వేలాడుతున్నది పీర్ మహమ్మద్ కాదు. ఆయన నాలుగడుగుల దూరంలో, రేవులో నిలబడినట్టే చెయ్యెత్తి నిలబడ్డాడు. బ్రాకెట్టుని పట్టుకుని లాగుతున్నది జ్ఞానదాసు. ఎడమ చేత్తో. మొహమంతా చెమట.

"...పదకొండు... పన్నెండు..."

వేళ్లు జారిపోయాయి.

"ఫెయిలు!" అని పీర్ మహమ్మద్ గోడ మీద విరుచుకుపడ్డాడు. "సీ, ఏటి గోడిది! పన్నెండుకే ఒగ్గీసింది."

"గోడ కాదురా. నా సెయ్యే జారింది."

"నీ సెయ్యేటి, జారడమేటి? ముప్పై నాలుగేళ్లు ఆ సెయ్యి కిందే కదా నాను నిలబడ్డాను. గోడే. రేపు మళ్లీ సూద్దాం."

ప్రేమలీల అట్లకాడని కొంగులో దాచుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. పొయ్యి మీద అట్టు మాడిపోయింది. చాలా కాలం తర్వాత ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది, ఆ మాడు వాసనతో సహా.

ఆ మధ్యాహ్నం జ్ఞానదాసు అడిగాడు. "లీలా, ఆ పిచ్చోడు టీవీ ఎప్పుడు పెడతాడంట?"

"బయట గోడ కదండీ. ఉప్పుగాలి. తొందరపడితే ఎలా?" అంది ప్రేమలీల.

చిట్టెమ్మకి కూడా అదే చెప్పింది, కాస్త కసురుతూ.

నలభై మూడో రోజున లెక్క ఇరవై దాటింది. ప్రేమలీల గరిట పట్టుకుని కదలకుండా నిలబడింది. ఇరవై ఐదు. గోడకి చెవి ఆనించింది. ఇరవై తొమ్మిది. "ముప్పై! పాసు!" సాయంత్రం టీవీని ఒక పక్క ఆయనా, ఒక పక్క జ్ఞానదాసూ ఎత్తి తగిలించారు. సందు సందంతా కుర్చీలు తెచ్చుకుంది. వార్తలు ఒక్క ముక్క వినపడలేదు. ఇద్దరూ పాత ఓడల మీద పోట్లాడుకుంటూనే ఉన్నారు.

వారం తర్వాత ప్రేమలీల వంటింట్లోకి వెళ్లేసరికి జ్ఞానదాసు ఒంటి చేత్తో, ఎడమ చేత్తో, గోడ అలమరని పట్టుకుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నారండీ!"

"ఈ అలమర ఎవులు బిగించారు?"

"మన పెళ్లైన కొత్తల్లో మీరే కదా."

"అయితే అనుమానమే" అని కాళ్లు మడిచాడు.

పప్పు డబ్బాలు, కారం సీసా, ఐదు కేజీల బియ్యప్పిండి అన్నీ వచ్చేశాయి. తెల్లటి పొగలోంచి "ఫెయిలు!" అని వినిపించింది. ఎదురింట్లో ఎవరో పకపకా నవ్వారు. ప్రేమలీల ఆ పిండి పొగలోకి దూరి చూసింది. మొగుడు పిండిలో కూర్చుని ఉన్నాడు, దెబ్బ ఏమీ లేదు. విరిగిన అలమర చెక్క ఇంకా ఆయన ఎడమ చేతిలోనే ఉంది. ఐదు వేళ్లూ దాని చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

ఈసారి నిజంగానే ఒగ్గేసింది గోడే.