మూత పెట్టిన అవ్వ

పోయిన ఆదివారం వరంగల్ నుంచి బస్సెక్కి, వర్ధన్నపేట అవతలి మా అత్తగారి ఊరికి పోయి, చర్చిలో ఆరాధన ముగిశాక మా మరిది ఇంట్లో అన్నానికి కూర్చున్నాను. వంటింట్లో మరిది కోడలు తన బిడ్డను కోప్పడుతోంది: "బియ్యం డబ్బకు మూత పెట్టవేందే? మూతపెట్టని అవ్వ లెక్కనే ఉన్నవ్." ఆ అవ్వ ఊరు విడిచి పోయేనాటికి ఈ కోడలు పుట్టనైనా లేదు. నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నా ఈడు ఆడవాళ్లకు పిడికెడు బియ్యం గుర్తుండే ఉంటుంది. పూటపూటకూ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసి, దేవుని పేర చిన్న కుండలో వేసేవాళ్లం. ఇంట్లో అందరికీ సగం కడుపే నిండే రోజున కూడా ఆ పిడికిలి చిన్నది కాకూడదని మా అత్త పట్టుబట్టేది. ఆదివారం నాడు ఆ బియ్యమంతా చర్చి వెనక గదిలోని పెద్ద కాగులో చేరి, అక్కడి నుంచి జబ్బుపడ్డవాళ్లకూ దిక్కులేనివాళ్లకూ పోయేది. మూడో తరగతి దాకా చదివాననీ, కొలత తప్పననీ, గింజ పారేయననీ సంఘం ఆ కాగును నాకు అప్పగించింది. చర్చి ఊడ్చి, ఆ బియ్యం చెరిగిపెట్టే పని ఒక ముసలామెది. ఊరంతా ఆమెను అవ్వ అనేది. అందుకు ఆమెకు వారానికి రెండు మానెల బియ్యం ఇచ్చేవాళ్లు. వేరే ఆధారం లేదు.

ఒక వానకాలం మా ఇంటి కప్పు కారి, గుమ్మిలోని బియ్యం తడిసి ముక్కిపోయాయి. పారేయడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ మిగిలిన అన్నం పారేసే మా కోడలితో నాకు పడదు. కాగులో ఎలాగూ పదిళ్ల బియ్యం కలిసే ఉంటాయి కదా అనుకొని, ముందు అందులోంచి మంచివి కొలుచుకొని, అంతే కొలతకు మా ముక్కినవి పోసి అడుగు దాకా కలిపాను. ఒక్క గింజ ఎక్కువ తీసుకోలేదు. కొలత సరిపోయింది కాబట్టి తప్పు లేదనుకున్నాను.

ఆ బియ్యం అందిన ఒక బాలింత ఇంటివాళ్లు, వాసన పట్టలేక, తెచ్చి చర్చి అరుగు మీద పెట్టారు. పెద్దలు కూర్చున్నారు. అవ్వ కాగుకు మూత పెట్టక వాన జల్లు పడనిచ్చిందని ఎవరో అన్నారు, అందరూ అవునన్నారు. అవ్వ నా వైపు తిరిగింది. "మూత పెట్టిన బిడ్డా. నువ్వు సూస్తనే ఉన్నవ్ గద, జర చెప్పు." నాకు తెల్వదన్నాను. ఆ పని, ఆ రెండు మానెలు ఆ రోజుతో ఆగిపోయాయి.

తర్వాత చర్చిలో ఉజ్జీవ కూటాలని రాత్రిళ్లు ప్రార్థనలు పెట్టినప్పుడు నేను అందరి ముందు లేచి, ఏడ్చి, సైతాను నన్ను శోధించాడు, పడిపోయాను, ప్రభువు క్షమించాడు అని సాక్ష్యం చెప్పాను. ఏం చేశానో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరూ స్తోత్రమన్నారు. అవ్వ వెనక వరుసలోంచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ వారమంతా నా గుండె తేలికగా ఉంది. ఇప్పుడు తలచుకుంటే ఆ తేలికదనానికే నాకు భయం వేస్తుంది.

ఆ తర్వాత తిండికి జరగక అవ్వ ములుగులో బిడ్డ దగ్గరికి చేరింది. బస్సు ఖర్చెందుకని, నాట్లున్నాయని రెండేళ్లు జరిపి, చివరికి పోయాను. వాకిట్లో కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. చేసిందంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు. "నాకెర్కనే. చెరిగెటోల్లకు తెల్వదా? జల్లు పడితె పైన తడుస్తయ్. అవి అడుగుదాంక ముక్కినయ్." మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు చెప్తవని సూసిన. కూటంల లేచినవ్, ఇగ చెప్తవనుకున్న. సైతాన్ పేరు చెప్పి కూసున్నవ్. ఆ మంచి బియ్యం సైతాన్ తిన్నదా, మీరు తిన్నరా?" గింజలన్నీ ఒక పక్కకు తోసి, "నాకు చెప్పుడెందుకే, నాకు తెలిసిందే నాయె. ఊర్లె చెప్పు" అంది.

ఊరికొచ్చి చర్చి పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆయన మెత్తని మనిషి. ప్రభువు క్షమించినదాన్ని మళ్లీ తవ్వుకోవద్దమ్మా అన్నారు. నాకు కావలసిన మాటే అది, దాన్ని పట్టుకొని నలభై ఏళ్లు కూర్చున్నాను. క్షమాపణ నేను తెచ్చుకున్నాను, నింద ఆమె మీద ఉండిపోయింది. ఆమె కన్నుమూసి కూడా చాలా ఏళ్లయింది.

మొన్న ఆదివారం అన్నం పక్కన పెట్టి, ఆ అవ్వ మూత పెట్టింది, ముక్కిన బియ్యం పోసింది నేనని మరిది కోడలితో అన్నాను. ఆమె నవ్వింది. "ఎప్పటి ముచ్చటనో పెద్దత్తమ్మా, సైతాన్ చేపిచ్చుంటది తియ్." కాదే, నేనే చేసిన అన్నాను గానీ, ఆమె అప్పటికే పప్పు తేవడానికి లోపలికి పోయింది.

ఇప్పుడు చర్చిలో ఆ కాగు లేదు. కానుకలు ఫోన్లోనే వేస్తున్నారు, వెనక గదిలో మైకులూ డ్రమ్ములూ పెట్టుకున్నారు, ఆనాటి పెద్దల్లో ఒక్కరూ లేరు. కాగు పోయింది, పిడికెడు పోయింది, నేను వేయనిచ్చిన నింద మాత్రం వంటింట్లో మాటగా మిగిలింది. వచ్చే ఆదివారం అక్కడే సాక్ష్యానికి లేస్తాను. సైతాను పేరెత్తను. ఎంతమంది వింటారో తెలియదు. మూత పెట్టలేదని తిట్లు తిన్న ఆ చిన్నపిల్ల ఒక్కతే విన్నా చాలు, రేపు తన బిడ్డను కోప్పడేటప్పుడు అవ్వను తలవకుండా ఉంటుంది.