హాలు కింద నూట ఎనిమిది కుండలు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నీకింకా వయసు రాలేదురా అంటుంది మా అమ్మ. నాకు ఇరవై ఏడు. కానీ ఇంజనీరింగు పాసై, ఉద్యోగం రాక, పూటపూటా భోజనానికి పిలిపించుకుంటూ ఇంట్లో గడిపిన ఆ ఏడాది నా మటుకు నాకు మరో యుగం. ఆ రోజుల్లో నాకు రెండే పనులు తెలుసు: ఫోను చూడటం, ఎదటివాణ్ణి చూసి నవ్వడం. మా కోనసీమలో మనుషులు మాట చివర అండీ, ఒప్పుకోలుకి ఆయ్ తగిలించి ఎంతో మర్యాదగా మాట్లాడతారు కదా, ఆ మర్యాద మధ్యలో సూది గుచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందనిపించింది. దరఖాస్తు కూడా పెట్టకుండా చేరిపోయేను.

మా ఊరు అమలాపురానికి బస్సులో ముప్పావుగంట. పేరు రాయను, రాస్తే ఈసారి ఊళ్ళోకి రానివ్వరు. కాలవ గట్టున నాటకాల హాలు ఉంది. కోనసీమలో నాటకం వేసినవాడికీ, చూసినవాడికీ, నాటకం వంకన ఇంట్లోంచి బయటపడినవాడికీ తెలిసిన హాలు. ఒకప్పుడు పెద్ద పెద్ద పద్యనాటక సమాజాలు అందులో ఆడేయంటారు. నేనెరిగేనాటికి అందులో క్రమం తప్పకుండా ఆడేవి గబ్బిలాలు. ఆ హాలు కమిటీకి ప్రెసిడెంటు మా మేనమామ. ఊరంతా ఆయన్ని హాలు మావయ్య అంటారు, ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా. జీవితమంతా రాజు వేషాలు వేసేరు. వేసి వేసి, ఇంట్లో కాఫీ అడగడానిక్కూడా గెడ్డం ఎత్తి, కుడిచెయ్యి చాచేవారు. మా అత్తయ్య మాత్రం రాజు ముందు ప్రజలా వణికేది కాదు. "గిన్నెలో ఉంది, పోసుకోండి" అనేది.

ఆ హాలుకి ముప్పు వచ్చింది. కమిటీ సెక్రటరీ, మా ఏసీ బాబాయి గారు (ఏ కట్టడం చూసినా దానికి ఏసీ పెడితే ఎలా ఉంటుందో ఆలోచించే మనిషి), దాన్ని పడగొట్టి పెళ్ళిళ్ళ హాలు కడదామన్నారు. సగం కమిటీ ఆయ్ అంది. మావయ్యకి మిగిలిన దారి ఒక్కటే: హాలుని ప్రభుత్వం వారి పాత కట్టడాల జాబితాలో ఎక్కించడం. ఎక్కిందంటే ఎవడూ ఇటిక పీకలేడు. అర్జీ పెట్టేరు. కొన్నాళ్ళకి ఆ శాఖ ఆఫీసరమ్మ గారు ఫోను చేసి, "చూడ్డానికి వస్తానండి. నెట్‌లో విజ్ఞాన సర్వస్వంలో మీ హాలు గురించి వెతికితే రెండు లైన్లే ఉన్నాయేమిటండీ?" అన్నారు. మావయ్య ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చేరు.

"ఏరా అల్లుడూ, ఆ సర్వస్వం ఎవడు రాస్తాడ్రా?"

"ఎవడైనా రాయొచ్చు మావయ్యా."

"నువ్వు కూడానా?"

"ఆయ్, నేను కూడా."

సర్వస్వం మీద ఆయనకున్న గౌరవం సగానికి పడిపోవడం నా కళ్ళారా చూసేను. "సరే, మన ఖర్మ. రాయి" అన్నారు.

తెరిచి చూస్తే ఆ రెండు లైన్లూ ఇవి: 'ఇది కోనసీమలోని ఒక భవనం. దీని ఎదుట బస్సులు ఆగును.' పక్కన ఫోటో. ఫోటోలో హాలు కనపడదు, దాని ముందు కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ కనపడుతుంది. ఆ వ్యాసం నేను బాగుచేస్తున్నానని తెలిసిన మర్నాటి నించీ మా అరుగు మీద జనం. ఒకాయన వాళ్ళ తాతగారు స్టేజి మీద రాగం తీస్తే కాలవ అవతల దున్నుతున్న ఎడ్లు ఆగిపోయేవన్నారు. ఇంకొకాయన, ఆగింది మా నాన్నగారి రాగానికండీ, వాళ్ళ తాతగారి రాగానికి ఎడ్లు పారిపోయేవి, అన్నారు. ఇద్దరివీ రాసేను. పది నిమిషాల్లో ఎవరో వచ్చి రెండు చోట్లా 'ఆధారం చూపాలి' అని ముద్ర కొట్టి పోయేరు. ఆ వ్యాసాలకి కాపలా కాసే స్వచ్ఛంద సంపాదకుడట. ముఖం తెలీదు, పేరు బదులు ఏవో అంకెలు. ఆయనకి నేను ఆధారం అన్నయ్య అని పేరు పెట్టేను. పుస్తకమో, పత్రికో, అచ్చయిన కాయితం ఏదో ఒకటి చూపిస్తే తప్ప సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నా ఆయన ఒప్పుకోడు.

"ఆధారం అడుగుతున్నాడు మావయ్యా" అంటే, "నేను బతికే ఉన్నాను కదరా, నన్ను చూపించు" అన్నారు.

వచ్చినవాళ్ళలో ఏమీ రాయించుకోకుండా వెళ్ళింది మైకు తాతగారొక్కరే. ఆయన ఆ హాలుకి ప్రాంప్టరు. తెర పక్కన, ఎడమ మూల కుర్చీలో కూచుని, పద్యం మరిచిపోయిన వాళ్ళకి పుస్తకం చూసి అందించడం పని. వచ్చిన చిక్కేవిటంటే, ఆయన అందించేది నటుడికంటే ముందు ఆఖరి బెంచీకి వినపడేది. రాజు నోరు తెరవక ముందే రాజు ఏం అంటాడో ఊరందరికీ తెలిసిపోయేది. అందుకని ఊరు ఆయనకి మైకు అని పేరు పెట్టి, యాభై ఏళ్ళుగా తిడుతోంది. "నేను గుసగుసగానే చెప్తానండీ" అనేవారు పాపం. ఎవరూ నమ్మేవారు కాదు. ఆ మాట ఆయన ఇంట్లో మామూలుగా అంటేనే మనం చెవి దగ్గర పెట్టుకోవాలి. అది కూడా ఎవరూ గమనించలేదు, నాతో సహా.

ఇక మావయ్య ఇచ్చిన ముఖ్య సమాచారం: "మన హాలుకి మైకు అక్కర్లేదురా. స్టేజి మీద గుసగుసలాడితే ఆఖరి బెంచీవాడికి వినపడుద్ది." చిన్నప్పుడు ఆ ఆఖరి బెంచీ మీద ఎన్నో నాటకాలకి హాయిగా నిద్రపోయినవాణ్ణి, నాకు తెలీదా? నవ్వొచ్చింది. అంత అబద్ధం ఉత్తినే రాస్తే ఏం బాగుంటుందని నా ఇంజనీరింగు చదువంతా దానికి జోడించేను: 'ధ్వని ప్రతిధ్వనించుటకై వేదిక క్రింద నూట ఎనిమిది మట్టి కుండలు బోర్లించి పాతిపెట్టిరి.' ముద్ర పడింది. మా వీధిలోనే ఒక విలేకరి బావ ఉన్నాడు, వార్తలు లేక అల్లాడిపోతున్నాడు. చెవిలో వేసేను. మూడో రోజున జిల్లా పేజీలో 'కుండల కళామందిరం' అని రంగుల్లో పడింది. ఆ కాయితం చూపించేను. ఆధారం అన్నయ్య నోరెత్తకుండా ముద్ర తీసేసేడు. అంత సుఖంగా నేనెప్పుడూ నవ్వలేదు.

నవ్వు ఒక వారం ఉంది. తర్వాత ఊరు ఆ కుండల్ని జ్ఞాపకం తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కుమ్మరి వీధి పెద్దాయన, "ఆయ్, మా తాతగారే చేసేరండి, అన్ని కుండలు కాల్చడానికి ఆవం రెండుసార్లు పేర్చేరంట" అన్నాడు. మావయ్య హాలు ముందు పాలరాతి పలక పెట్టించి కుండల సంగతి దాని మీద చెక్కించేరు. "మావయ్యా, ఆ కుండలు..." అని నేను నీళ్ళు నమిలితే, "నీకు పత్రికలో చూస్తే తెలిసిందిరా. నాకు మా నాన్నగారు చెప్పేరు, నా చిన్నప్పుడు. చూపించేరు కూడాను" అన్నారు. అబద్ధం చెప్పే ముఖం కాదది. ఆయనకి నిజంగా గుర్తొచ్చేసింది. ఆఫీసరమ్మ గారికి కూడా వ్యాసం నచ్చిందట. మైకు లేకుండా ఒక రంగం ఆడి వినిపించండి, తర్వాత ఒక చెక్క లేపి కుండలు చూపించండి, అన్నారు. చూస్తే సరి, జాబితాకి రాసి పంపుతానన్నారు.

ఆవిడ సాయంత్రానికి వెనక్కి వెళ్ళిపోవాలి కాబట్టి పౌరాణికం పొద్దున్న పదకొండింటికి పెట్టేరు. లోకంలో ఏ రాజూ ఆ వేళకి సభ తీర్చి ఉండడు. చప్పుడు చేస్తాయని ఫ్యాన్లు ఆపించేరు. ఊరు ఊరంతా లోపల ఉడుకుతోంది. మంత్రిగారి మీసం ఒకవేపు జారి గెడ్డం మీదికొచ్చింది. స్టేజి పక్కన వడ్రంగి పలుగు పట్టుకుని, కుండలు తీసే ముహూర్తం కోసం, రాజుగారి సైనికుడికంటే బుద్ధిగా నిలబడ్డాడు. ఆఫీసరమ్మ గారు కోరి వెళ్ళి ఆఖరి బెంచీ మీద కూచున్నారు. "ఈ ఒక్కరోజు నోరు మెదపకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను" అని మైకు తాతగారికి మావయ్య ముందే చెప్పేరు. ఆయన తన మూల కుర్చీలో పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకుని కూచున్నారు. దాక్కోడానికి చోటు వెతుక్కుంటూ నేను వెళ్ళి ఆయన పక్కన నుంచున్నాను.

మావయ్య పద్యం ఎత్తుకున్నారు. అరవై దాటిన మనిషి, గుండె నిండా ఊపిరి తీసుకుని, మెడ నరాలు పొంగేలా. నాలుగో వరస దాకా అది పద్యమే. తర్వాత ఎక్కడో బావిలో ఎవరో పిలుస్తున్నట్టుంది. మధ్య బెంచీల్లో మొదలైంది.

"ఏవంటున్నారండీ?"

"రాజ్యం గురించి అనుకుంటానండి."

"ఎవరి రాజ్యం?"

"తెలీదండి. చెయ్యి అటు చూపిస్తున్నారు."

ఏసీ బాబాయి గారు మొదటి వరసలో కూచుని, అప్పుడే చల్లగా ఉన్నట్టు ముఖం పెట్టేరు. మావయ్యకి సంగతి తెలిసిపోయింది. అయినా ఆపలేదు, ఇంకా పైకి ఎత్తుకున్నారు. నవ్వాల్సింది నేను. అంతకంటే మంచి అవకాశం ఎప్పుడొస్తుంది? కానీ ఆయన రంగు చెమటకి కారి అంగరఖా మీద పడుతుంటే నవ్వు రాలేదు. తాతగారి చెవి దగ్గర వంగి, ఆయనకైనా వినపడిందో లేదో అన్నంత చిన్నగా అన్నాను: "తాతగారూ, కొంప ముంచేనండి. ఆ కుండలు లేవు. నేనే కల్పించేను, సరదాకి. మావయ్య అయిదో వరసక్కూడా వినపడ్డం లేదు. హాలు పోతే నా మూలాన్నే పోద్ది."

తాతగారు నన్ను చూసేరు. నోటి మీద వేలేసుకుని, అదే వేలు నెమ్మదిగా తీసి హాలు వేపు చూపించేరు. తలలన్నీ మా మూలకి తిరిగి ఉన్నాయి. మావయ్య రాగం మధ్యలో ఆగిపోయేరు, నోరు ఇంకా మూయలేదు. కుమ్మరి పెద్దాయన పైకప్పు చూస్తున్నాడు. విలేకరి బావ లేచి బయటికి నడిచేడు.

ఆఖరి బెంచీలోంచి ఆఫీసరమ్మ గారు లేచి నిలబడ్డారు. "ఎవరండీ ఆ అబ్బాయి? అక్కడే నుంచుని ఇంకోసారి చెప్పమనండి. ఇంకా చిన్నగా."

మా హాల్లో ఒక పద్ధతుంది. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అని అరవాలి, నటుడు మళ్ళీ పాడాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ అరుపు వినపడక మావయ్య బెంగపెట్టుకున్నారు. ఆ రోజు వినపడింది. "వన్స్ మోర్!" అని అరిచింది ఏసీ బాబాయి గారు. అరిపించుకున్నది నేను. కుండలు లేవని ఆ ఊరికి మూడుసార్లు చెప్పేను, ఒకసారికంటే ఒకసారి చిన్నగా. మూడుసార్లూ ఆఖరి బెంచీ దాకా ముక్క పోకుండా వెళ్ళింది. తర్వాత ఆవిడ, "పక్కన పెద్దాయన్ని చదవమనండి" అన్నారు. తాతగారు పుస్తకం తెరిచి, మావయ్య ఆపేసిన చోటినించి గుసగుసగా అందుకున్నారు. హాలంతా నిశ్శబ్దంగా విన్నది. తిట్టలేదు. నేను పుస్తకం వేపు చూస్తే, తలకిందులుగా పట్టుకుని ఉన్నారు.

ఆవిడ వచ్చి ఆ మూల గోడని చేత్తో తడిమి చూసేరు. కట్టినవాడు ఎందుకో అక్కడ గోడని చేటలా లోపలికి వంచి కట్టేడు, సున్నం నున్నగా మెత్తేడు. "ఇంత వింత పెట్టుకుని కుండలు రాసేవేమయ్యా?" అన్నారు. ఊరంతా యాభై ఏళ్ళు గోడని వదిలేసి తాతగారి గొంతుని తిట్టింది మరి. హాలు జాబితాలో ఎక్కింది. వడ్రంగి పలుగు తీసుకుని నిరాశగా ఇంటికెళ్ళిపోయేడు. ఏసీ బాబాయి గారు ఇప్పుడు పాత కట్టడాలకి ఏసీ పెట్టనిస్తారా అని కనుక్కుంటున్నారు. మావయ్య నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. కుండల మీద కోపం కాదట. "అయిదో వరసక్కూడా వినపడలేదని మూడుసార్లు అన్నాడే వాడు" అని అత్తయ్య దగ్గర బాధపడ్డారట.

బుద్ధి తెచ్చుకుని వ్యాసం దిద్దబోయేను. కుండలు తీసేసేను. ఆధారం అన్నయ్య మళ్ళీ పెట్టేడు: 'ఆధారమున్న సమాచారం తొలగించరాదు.' మూల గోడ సంగతి రాసేను. తీసేసేడు: 'ఆధారం లేదు.' అయ్యా, ఆ కుండలు కల్పించింది నేనేనండీ, అని చర్చా పేజీలో చేతులు జోడించేను. అయిదు నిమిషాల్లో జవాబు: 'దీనికి ఆధారం?' నా జన్మలో నాకు సమానమైన మొగుడు దొరికింది అప్పుడే. ఆ కుండలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, పాలరాతి పలక ఫోటోతో సహా.

కాకినాడలో ఉద్యోగం వచ్చి నేను ఊరొదిలి మూడేళ్ళవుతోంది. ఆఫీసులో కూడా సూది గుచ్చుతూనే ఉన్నాను గానీ, గుచ్చే ముందు గోడలు చూసుకుంటున్నాను. మొన్న ఊరెళితే మావయ్య హాలు తాళం తీయించేరు. ఇప్పుడు వేషాలు వెయ్యడం లేదు, పద్యం ఎత్తే గొంతు పోయింది. తాతగారు పోయేరు, ఆయన కుర్చీ ఆ మూలే ఉంది, ఎవరినీ కూచోనివ్వరట. వచ్చిన చుట్టాలందర్నీ అక్కడ నిలబెట్టి, తను వెళ్ళి ఆఖరి బెంచీ మీద కూచోవడం మావయ్యకి ఇప్పుడు అలవాటు. నన్నూ నిలబెట్టేరు. కర్ర ఊతంతో అంత దూరం నడిచి వెళ్ళి కూచుని, "ఏదీ, ఏవన్నా అను" అని చెయ్యి ఊపేరు.

నోట్లో ఎప్పుడూ నాలుగు వెటకారాలు సిద్ధంగా ఉంచుకునేవాణ్ణి. ఒక్కటీ రాలేదు. ఆ ఏడాది ఇదే చోట నుంచున్న ఆ ఖాళీ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. నా పక్కన ఖాళీ కుర్చీకి చెప్తున్నట్టు, పెదవులు మాత్రమే కదిలేంత చిన్నగా అన్నాను:

"ఆ రోజు పద్యం చాలా బాగా పాడేరు మావయ్యా."

వినపడలేదేమో అనుకున్నాను. అప్పుడు చీకట్లో ఆఖరి బెంచీ మీదనించి, రాజు గొంతుతో కాదు, కాఫీ గిన్నె ఎక్కడుందో అడిగినట్టు, మామూలుగా:

"ఆధారం?"