అదే మూల, అదే సొట్ట

2023 వర్షాకాలంలో జరిగిన సంగతి ఇది. సూరత్‌లో పాండేసరా దాటి వడోద్ వైపు వెళ్లే రోడ్డు మీద నాకు లాప్‌టాప్‌ల షాపు ఉంది. రిపేర్లు చేస్తాను, పాతవి కొని బాగుచేసి అమ్ముతాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి ఈ ఊరొచ్చాడు. నేను మగ్గం జోలికి పోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే, మగ్గాల కార్ఖానాల్లో, మిల్లుల్లో పనిచేసే తెలంగాణ వాళ్లు.

పైకి దెబ్బ కనిపించే పాత లాప్‌టాప్ పట్టుకుని ‘ఇది తీసుకోవచ్చా’ అని అడగని మనిషి ఉండడు. మూత మీద గీతలుంటే నేను పట్టించుకోను. మూల సొట్టబోతే మాత్రం వెనక మూత ఊడదీసి, లోపల మదర్‌బోర్డుకు, అంటే అన్ని భాగాలూ అమర్చి ఉండే ఆ పచ్చని పలకకు, దెబ్బ తగిలిందేమో చూస్తాను. అన్నిటికంటే భయపడాల్సింది హింజ్ పగిలినప్పుడు. తెరను కిందిభాగానికి పట్టి ఉంచే బందును మేము హింజ్ అంటాం. దాని దగ్గర చిన్న పగులున్నా, మూత తెరిచిన ప్రతిసారీ అది పెరిగి ఒకరోజు తెరకు పోయే వైరును కోసేస్తుంది. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వద్దనే చెప్తాను.

మల్లేశం అన్న వచ్చిన రోజు బయట సన్నగా వాన పడుతోంది. ఖటోదరాలో మగ్గం మీద పనిచేస్తాడు. మా వాళ్ల పెళ్లిళ్లలో, బతుకమ్మ దగ్గర చూసిన ముఖమే. లోపలున్న ఇద్దరు కస్టమర్లు వెళ్లిపోయేదాకా గుమ్మం దగ్గరే నిలబడి, తర్వాత లోపలికొచ్చాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

“తమ్మీ, పాత లాప్‌టాప్ కావాలె,” అన్నాడు.

మంచివి మూడు తీసి ముందు పెట్టాను. ముట్టుకోలేదు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. అందులో ఆయన కూతురు శ్రావణి మంచం మీద కూర్చుని, ఒళ్లో బూడిదరంగు లాప్‌టాప్ పెట్టుకుని నవ్వుతోంది. మూత ఎడమ మూల సొట్టబోయి ఉంది. అక్కడి నుంచి మధ్యదాకా పొడుగాటి గీత.

“గిదే కావాలె. గీ మూల గిట్లనే ఉండాలె.”

ఇన్నేళ్లలో దెబ్బ తగిలిన సరుకును ఏరి అడిగిన మనిషిని అదే మొదటిసారి చూడటం. ఆ మోడల్‌ది నా దగ్గర ఒకటే ఉంది. కుడివైపు హింజ్ పగిలితే, స్పేర్ పార్టులకు పనికొస్తుందని పక్కన పడేశాను. అదే చెప్పాను.

“ఇది ఎక్కువ రోజులు నడవదన్నా. ఇదే రేటుకు దీనికంటే మంచిది ఇస్త, తీసుకపో.”

“నడవకున్న సరే. నా బిడ్డ చూసేటాల్లకు గట్లనే ఉండాలె, గంతే.”

“బిడ్డ లాప్‌టాప్ ఏమైందన్నా?”

గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కార్ఖానాలో ఎవరో ఫోన్‌లో పేకాట నేర్పించారు. జీతం అందులో పోయింది. భార్య, బిడ్డ మేనమామ ఇంట్లో పెళ్లికని మెట్‌పల్లి వెళ్లారు. ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు ఆ లాప్‌టాప్ తీసుకెళ్లి ఆదివారం సంతలో అమ్మేశాడు. వచ్చిన డబ్బులూ ఆ ఆటలోనే పెట్టాడు. మరుసటి ఆదివారం సంతంతా తిరిగాడు, కొన్నవాడు కనపడలేదు. తల్లీబిడ్డలు రెండు రోజుల్లో ఊరి నుంచి తిరిగొస్తున్నారు.

“నా చేతులార కొనిచ్చిన తమ్మీ. నేనే అమ్ముకున్న. దానికి తెలిస్తే నా మొకం ఎట్ల చూపియ్యాలె? ఆ మూల జర కొట్టు తమ్మీ. గా ఫొటోల ఉన్నట్టు.”

ఆ పూట ఆయనను చూస్తే నాకు మా నాన్నే నిలబడ్డట్టు అనిపించింది. ఎదిగిన బిడ్డ ముందు తలవంచుకుని నిలబడాల్సిన ఒక తండ్రిని తప్పిస్తున్నాననుకున్నాను. ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను.

“లోపల బిడ్డ పనేమన్న ఉంటది గదన్నా?”

“లోపల ఏముంటది? తెరిస్తే బొమ్మలొస్తయి. అన్నిట్ల వస్తయి గద?”

ఆయనకు తెలియదు. బీరువా అమ్మేసి ఇంకో బీరువా తెచ్చిపెట్టినట్టే అనుకుంటున్నాడు. ‘ఈ కాలం పిల్లలు, ఆన్‌లైన్‌లో దాచుకునే ఉంటుందిలే’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పైగా ఆయనకొక మాట కూడా నేర్పించాను.

“తెరిచినంక ఖాళీగ కనవడ్తది. అడిగితే, ఆన్ అయితలేకుంటే సుధాకర్ దగ్గర ఫార్మాట్ కొట్టించిన అని చెప్పు.” సుధాకర్ అంటే నేనే. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం.

ఆ మాటను ఆయన మంత్రంలాగా రెండుసార్లు నెమ్మదిగా అనుకున్నాడు.

తర్వాత పని మొదలుపెట్టాను. మూత కింద గుడ్డ మడతపెట్టి, ఆయన ఫోన్ పట్టుకుని ఫొటో పెద్దది చేసి చూపిస్తుంటే, చిన్న సుత్తితో మూల మీద కొట్టాను. ఎక్కువ కొడితే తెర పగులుతుంది, తక్కువైతే సొట్ట పడదు. గీత కొత్తగా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్ది పాతబడినట్టు చేశాను. ఫొటో పక్కన పెట్టి చూస్తే తేడా కనిపించలేదు. ఆ క్షణంలో నా చేతి పని చూసి నాకే ముచ్చటేసింది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

వాళ్లు ఊరి నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం శ్రావణి షాపుకొచ్చింది. ఆ లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టి, వాన తగలకుండా గుండెకు హత్తుకుని తెచ్చింది. ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“కాకా, బాపు మీ దగ్గరనే ఫార్మాట్ చేయించిండట. ఫార్మాట్ అయినంక కూడా డేటా రికవర్ అయితదని నెట్‌ల చూసిన. ప్లీజ్ కాకా, ఒక్కసారి ట్రై చేయున్రి.”

“ఏముండె బిడ్డా అండ్ల?”

“నా డిజైన్లు. చీరల బార్డర్లు, పల్లూలు, సంవత్సరం నుంచి వేసినవి. సలాబత్‌పురాల ఒక చీరల సేఠ్ చూస్తనన్నడు. సోమవారం రమ్మన్నడు. నచ్చితే నౌకరీ పక్కా అన్నడు.” చున్నీ విప్పి లాప్‌టాప్‌ను టేబుల్ మీద పెట్టింది. “బాపుది తప్పు లేదు. పాపం, ఆన్ అయితలేదని తెచ్చిండు. నేనే పాగల్‌ను, బ్యాకప్ తీస్కోలే.”

ఫార్మాట్ చేసినా కొన్నిసార్లు పోయిన ఫైళ్లు వెనక్కి తేవచ్చు, నిజమే. కానీ అవి ఆ డిస్క్‌లో ఎప్పుడైనా ఉండి ఉండాలి. ఆ అమ్మాయి టేబుల్ మీద పెట్టిన లాప్‌టాప్‌లో ఆమె గీసిన ఒక్క పువ్వు కూడా ఎన్నడూ లేదు. ‘పెట్టిపో బిడ్డా, రేపు చూస్త’ అన్నాను. ‘థాంక్యూ కాకా’ అని వానలోనే వెళ్లిపోయింది.

వెంటనే మల్లేశం అన్నకు ఫోన్ చేశాను. వెనక మగ్గాల చప్పుడు. బయటికొచ్చి మాట్లాడాడు. బిడ్డ వచ్చిన సంగతి చెప్పి, “నువ్వే చెప్పన్నా. తప్పు తనదే అనుకుంటుంది,” అన్నాను.

“వస్తలేవని చెప్పు తమ్మీ. రెండు దినాలు ఏడుస్తది, మర్చిపోతది.”

“అట్లెట్ల చెప్పాలన్నా?”

“నువ్వే గద ఫార్మాట్ అని చెప్పుమన్నది?”

ఆయన కోపంగా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు. ఆయన దగ్గర చిన్న తప్పు కూడా కప్పుకునే తెలివి లేదు. కప్పడానికి కావాల్సిన మాట, వస్తువు రెండూ నా షాపు నుంచే వెళ్లాయి. చివరికి ఇద్దరం కలిసి చెప్దామన్నాను. “రేపు తోల్కొస్త,” అన్నాడు.

మరునాడు పొద్దున్నే తండ్రీకూతుళ్లు వచ్చారు. షట్టర్ సగం దించాను. శ్రావణి స్టూలు మీద కూర్చుంది. మల్లేశం అన్న నిలబడే ఉన్నాడు.

“రికవర్ అయినయా కాకా?” అని ఆశగా అడిగింది.

నేను ఆయన వైపు చూశాను. ఆయన గోడకున్న చార్జర్ల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“బిడ్డా, ఇది నీది కాదు. నీది నేను అమ్ముకున్న. ఫోన్ల పత్తాలాడి పైసలు పోగొట్టుకున్న. దానికే అమ్మిన.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. టేబుల్ మీదున్న లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుని, మూల మీద వేలు పెట్టింది.

“మరి గీ సొట్ట? నా చేతుల నుంచే మెట్ల మీద పడ్డది గద?”

మల్లేశం అన్న నా వైపు చూశాడు.

“సొట్ట ఎవలు వెట్టిర్రు బాపూ?”

“నేనే వెట్టిన బిడ్డా,” అన్నాను.

నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అరిచినా బాగుండేది.

“బాపుకు తెల్వది కాకా, లాప్‌టాప్‌ల ఏముంటదో. మీకు తెల్సు గద.”

అంతే అంది. మల్లేశం అన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే కింద కూలబడ్డాడు. ఆమె తండ్రి దగ్గరికి పోలేదు, బయటికీ పోలేదు. కాసేపటికి, “సంతల ఎవలకు అమ్మినవో మనిషిని గుర్తువడ్తవా?” అని మాత్రం అడిగింది.

ఆ ఆదివారం ముగ్గురం సంతకు వెళ్లాం. పాత సరుకు పరిచి కూర్చున్న ప్రతివాడి దగ్గరా ఆగి అడిగాం. మల్లేశం అన్న అందరికీ ఆ ఫొటో చూపిస్తూ, “యే మేరీ బేటీ కా హై భాయ్,” ఇది నా బిడ్డదని బతిమాలుతూ తిరిగాడు. దొరకలేదు. సోమవారం శ్రావణి ఫోన్‌లో స్నేహితులకు పంపిన నాలుగైదు డిజైన్లు పట్టుకుని సేఠ్ దగ్గరికి వెళ్లింది. అవి చాలవని చెప్పి ఆయన వేరే అమ్మాయిని పెట్టుకున్నాడు. తర్వాత కొన్నాళ్లకు ఒక చిన్న ప్రింటింగ్ యూనిట్‌లో, ఇంకొకరు గీసిన డిజైన్లకు రంగులు మార్చే పని దొరికిందని విన్నాను.

మంచి లాప్‌టాప్ ఒకటి సిద్ధం చేసి వాళ్లింటికి తీసుకెళ్లాను. వాళ్లమ్మ చాయ్ ఇచ్చింది. శ్రావణి మర్యాదగానే మాట్లాడింది కానీ లాప్‌టాప్ మాత్రం తీసుకోలేదు. “పనిల కంప్యూటర్ ఉంది కాకా, ఇప్పుడు అవసరం లేదు,” అంది. మల్లేశం అన్న జీతం ఇప్పుడు వాళ్లమ్మ చేతికే వస్తుందట, ఆయన దగ్గర బటన్ ఫోన్ ఉంది. రోడ్డు మీద ఎదురుపడితే ఇద్దరం తలూపుతాం. ఆగి మాట్లాడుకోం.

ఈ పనిలో నాకు వస్తువుల గురించి చాలా తెలిసింది. ఏ పగులు పెరుగుతుందో, ఏ సొట్ట ప్రమాదం లేనిదో చూడగానే చెప్పగలను. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో వాళ్ల లాప్‌టాప్ అమ్మడానికి తెస్తే, వాడినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడించమంటాను. లోపలున్నది వాళ్లు తీసుకున్నారని తెలిస్తేనే ముట్టుకుంటాను. కొందరికి అది చాదస్తంగా కనిపిస్తుంది, వేరే షాపుకు వెళ్లిపోతారు.

కానీ మల్లేశం అన్న సంగతి నాకు నేర్పింది అది కాదు. ‘తీసుకోవచ్చా’ అని అడిగినవాళ్లకు నిజం చెప్పడమే నా వృత్తి అనుకునేవాణ్ణి. మల్లేశం అన్నకు కూడా హింజ్ గురించి నిజమే చెప్పాను. ఆ రోజు ఆయనకు కావాల్సిన నిజం వేరే ఉంది: ఇది కొనకు, స్టేషన్‌కు పోయి బిడ్డ రైలు దిగగానే చెప్పెయ్యి అని. ఆయన అప్పుడే చెప్పి ఉంటే ఆ పిల్ల తండ్రి మీద కోపం తెచ్చుకునేది. తనను తాను తిట్టుకుంటూ వానలో నా షాపుకు వచ్చేది కాదు. ఆ మాట అప్పుడే నా నాలుక మీదికి వచ్చింది. నేను సుత్తి అందుకున్నాను.