అరసున్న రాసిన నసీమున్నీసా

చిలకలూరిపేటలో హైవే పక్కన, పత్తి మిల్లుకీ లారీలు ఆగే ఖాళీ స్థలానికీ మధ్య ఒక రేకుల ఇల్లు ఉండేది. రోడ్డు వైపు గదిలో ఒక టీవీ, దాని కింద డబ్బులిచ్చి ఆడుకునే వీడియోగేమ్ పెట్టె. వెనక గదిలో కాపురం. రెండు గదుల మధ్య తలుపు లేదు, ఒక ఆకుపచ్చ పరదా మాత్రమే. 1989లో నసీమున్నీసా నాలుగు నెలల పది రోజులు ఆ పరదా వెనకే ఉండిపోయింది.

ఆమె భర్త బుడే టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. మద్రాసు నుంచి ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చింది అతనే. బుడే ఆ జనవరి చివర్లో కామెర్లతో పోయాడు. పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. భర్త పోయిన ఆడది ఇద్దత్ పాటించాలి కదా, అన్ని రోజులూ గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంటపడకూడదు. అది ఆమెకి కష్టంగా తోచలేదట మొదట్లో. బయటికి వెళ్లి చేసేదేముంది అనుకుందట. కష్టమల్లా పదో రోజున అద్దంకి నుంచి ఆమె అన్న అబ్దుల్ ఖాదర్ వచ్చి వెళ్లాక మొదలైంది.

ఇద్దత్ అయిన మర్నాడే చెల్లెల్ని తీసుకుపోతానని అన్న చెప్పాడు. మరిది గౌస్ బాషా సరేనన్నాడు. ఆట పెట్టెకి నరసరావుపేటలో ఒకాయన బేరం అడుగుతున్నాడని, అప్పటిదాకా నడిపి అమ్మేస్తానని అన్నాడు. అత్త అమీర్‌బీ వక్క కత్తిరించుకుంటూ వింది. నసీమున్నీసాని ఎవరూ ఏమీ అడగలేదు. అన్న ఇంట్లో ఆమెకి ఏ మూల దొరుకుతుందో ఆమెకి తెలుసు. వంటింటి పక్కన బియ్యం బస్తాలుండే మూల. వదిన మంచిదే. అయినా అది వదిన ఇల్లు. ఈ గది బుడేది, తనది. ఇది చెయ్యి జారితే ఇద్దత్ అయిపోయినా తనకి బయటపడడమంటూ ఉండదని ఆమెకి అర్థమైంది.

“రోజులు లెక్కపెట్టేదాన్ని. అందరూ తొందరగా అయిపోవాలని లెక్కపెట్టుకుంటారు. నేను ఇంకా ఎన్ని మిగిలున్నాయో చూసుకునేదాన్ని,” అని చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది.

పరదా ఇవతల కూర్చుంటే కనిపించేది ఏమీ లేదు, వినిపించేదే అంతా. మిల్లు సైరన్ రెండింటికి మోగేది. షిఫ్టు దిగినవాళ్లు జుట్టులో పత్తి పింజలతోనే వచ్చి పడేవాళ్లు. పిట్టల్ని కొట్టే ఆట, టాంకుల ఆట, కార్ల ఆట, ఒక్కొక్కటి పది నిమిషాలు. ఓడినవాణ్ణి పక్కవాడు “లేవరా, నీ మొహానికి పిట్టెందుకు, ఈగ చాలు” అని లేపేవాడు. నెల తిరిగేసరికి ఏ ఆట నడుస్తోందో, ఎవడు ఓడబోతున్నాడో చప్పుడు బట్టి చెప్పగలిగేది.

బుడే పోయే ముందు తెచ్చిన కొత్త ఆట ఒకటుంది. అది పది నిమిషాల్లో అయ్యేది కాదు. కత్తి పట్టిన మనిషి ఒకడు కోటలోకి దిగుతాడు. గది తర్వాత గది, తాళం వెనక తాళం. రోజులు పడుతుంది. దానికి లారీ డ్రైవర్లు అలవాటుపడ్డారు. అందులో జయరావు అనే ఆయన మరీను. పెదనందిపాడు మనిషి, కోయంబత్తూరు మిల్లులకి పత్తి బేళ్లు తోలేవాడు. లోడు ఎత్తడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, ఆ సమయమంతా కోటలోనే ఉండేవాడు.

పొద్దున్నంతా మిల్లులో ఫిట్టరు పనిలో ఉండి, తనూ రెండింటికే దిగి వచ్చి గది తెరిచే గౌస్‌కి ఇది తలనొప్పి. టీవీ ఒకటే. జయరావు కూర్చుంటే వెనక పదిమంది నిలబడి గొణుగుతారు. లేవమంటే జయరావు లేవడు. ఇంతలో కరెంటు పోతుంది, కోట మొత్తం మొదటి గది నుంచి మళ్లీ మొదలు. ఆ రోజు జయరావు కోపం చూడాలి. ఈ పెద్ద ఆట పీకి అవతల పారేస్తే గానీ గది నడవదని గౌస్ రోజూ అనేవాడు.

కోటలో తలుపు దాటినప్పుడల్లా తెర మీద ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు వస్తాయనీ, వాటిని రాసిపెట్టుకుని మళ్లీ కొడితే ఆపిన చోటి నుంచే మొదలవుతుందనీ కనిపెట్టింది జయరావే. రాసుకున్న కాగితం లారీలో ఎక్కడో పోయేది. ఒకరోజు విసుగొచ్చి, లోపల ఎవరైనా రాసిపెడతారా అని అడిగాడు. పరదా వెనక నుంచి “చదవండన్నా, రాస్తా” అంది నసీమున్నీసా. అమీర్‌బీ ఉరిమి చూసింది. అప్పటికే మాట బయటికి వెళ్లిపోయింది.

ఆమె అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. ఏబీసీడీలు గుర్తుపడుతుంది గానీ చెయ్యి తెలుగుకే తిరుగుతుంది. అందుకని ఆయన గబగబా చదువుతుంటే బీ, కే, ఓ, సెవెన్ అంటూ ఒక నోటు పుస్తకంలో తెలుగులోనే రాసుకుపోయింది. పన్నెండు రోజులకి జయరావు తిరిగొచ్చి “చెల్లెమ్మా, నా కోట తియ్యి” అన్నాడు. ఆమె చదివింది. ఆయన కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. మళ్లీ చదివింది, మళ్లీ కొట్టాడు. మూడోసారికి ఆయన లేచి, పన్నెండు రోజులుగా దారి పొడుగూతా ఆ తలుపు గురించే ఆలోచించుకుంటూ వచ్చానని చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మిల్లువాళ్లు నవ్వారు. ఆ సాయంత్రమే గౌస్ నరసరావుపేట బేరగాడికి కార్డు రాశాడు, జూన్ మొదటివారంలో వచ్చి పెట్టె తీసుకుపొమ్మని.

మర్నాడు పొద్దున గౌస్ మిల్లుకి వెళ్లాడు. రోడ్డు తలుపు గడియ వేసే ఉంది. నసీమున్నీసా పరదా తీసి ముందు గదిలోకి వెళ్లింది. నలభై రోజుల్లో ఆ టీవీని ఎదురుగా చూడడం అదే మొదలు. పెట్టె వెలిగించి, అక్షరాలు కొట్టే చోటికి పోయి, తెర మీది వరసలన్నీ ఒక్కొక్కటే చూసింది. అక్షరాల వరసలో లావుగా ఒక గుండ్రం ఉంది. అంకెల వరసలో సన్నగా ఇంకో గుండ్రం ఉంది. జయరావు రెండింటినీ ఓ అనే చదివాడు. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు మనమంతా సున్నని ఓ అనే అంటాం కదా, ఆయన చదివినదాంట్లో తప్పు లేదు. తను విన్నదాంట్లోనూ తప్పు లేదు. తన పుస్తకంలో మూడుచోట్ల ఓ ఉంది. ఏది అక్షరం, ఏది అంకె అన్నది తెలియదు.

మూడూ అక్షరాలే అనుకుని కొట్టింది. కాదంది. మొదటిది అంకె చేసి కొట్టింది. కాదంది. ఆ చప్పుడుకి అమీర్‌బీ పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మొగుడు పోయి రెండు నెలలు కాలా. ఆటలాడతన్నావా?”

“ఆడట్లా అత్తా. తప్పు దిద్దుతన్నా.”

ముసలామె కాసేపు నిలబడి చూసింది. ఆ పెట్టె ముందు కొడుకు కూర్చునే పీట మీద కోడలు కూర్చుని ఉంది. గోడకి ఆనుకుని కూర్చుని వక్క కత్తిరించుకోసాగింది. ఆరోసారి కోట తలుపు తెరుచుకుంది. “వచ్చిందా?” అంది అమీర్‌బీ.

నసీమున్నీసా పుస్తకం తెచ్చి దిద్దబోయి ఆగింది. రెండూ గుండ్రాలే అయితే రేపు మళ్లీ ఇదే గొడవ. అప్పుడు ఆమెకి నాలుగో తరగతి పంతులుగారు గుర్తొచ్చారు. పుస్తకాల్లోంచి అరసున్న ఎప్పుడో పోయినా ఆయన మాత్రం పలకల మీద రాయించేవారట, ఏదో ఒకరోజు పనికొస్తుందని. లావు గుండ్రానికి నిండు సున్న, సన్న గుండ్రానికి అరసున్న పెట్టింది. ఆ తర్వాత ఎవరు చదివినా ఒకటే ప్రశ్న వేసేది. “అన్నా, లావుదా, సన్నదా?” లారీలు ఆగే చోటి మనిషి ఒకడిచేత జయరావుకి కబురు పెట్టించింది. ఆయన నమ్మకం లేకుండానే వచ్చాడు, కొట్టాడు, కోటలోకి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఆ పుస్తకంలో ఒక్క అక్షరం తప్పిపోలేదు.

అక్షరాల మీద నమ్మకం కుదిరాక గది నడిచే పద్ధతే మారింది. పెద్ద ఆటని ఎక్కడైనా ఆపొచ్చు, ఎప్పుడైనా అందుకోవచ్చు. లోడింగు పొద్దున తొమ్మిదికే మొదలై సాయంత్రం దాకా సాగుతుందని, సైరన్ రెండింటికని, ఆమెకి చెవులతోనే తెలుసు. సైరన్ దాకా కోట, సైరన్ తర్వాత పిట్టలూ టాంకులూ. ఎవరికీ ఎవరూ అడ్డం లేదు. అయితే పొద్దున గది తెరిచేదెవరు? గౌస్ మిల్లులో ఉంటాడు. తను బయటికి రాకూడదు. అమీర్‌బీని బతిమాలింది.

ముసలామె రెండు రోజులు సణిగి, మూడో రోజున వక్కాకు సంచీతో సహా ముందు గది కుర్చీలో కూర్చుంది. వారం తిరిగేసరికి డ్రైవర్ల మీద అరవడం మొదలుపెట్టింది. “ఒరేయ్, అక్కడ తలుపుందిరా, ఎడంపక్కకి పోవేం? నిన్ననే చూశాంగా!” లోపల నసీమున్నీసా నోటికి పైట అడ్డం పెట్టుకునేది.

కానీ రోజులు తగ్గిపోతూనే ఉన్నాయి. రంజాన్ పరదా వెనకే గడిచింది. పండగకి కొత్త బట్టలు లేవు, గోరింటాకు లేదు. ఎండలకి రేకులు కాలిపోయేవి. గది బాగా నడుస్తున్నా గౌస్ కార్డు వెనక్కి తీసుకోలేదు. ఆడది కూర్చుని నడిపే గది కాదిది, వదిన వెళ్లాక నాకిది బరువు అని తల్లితో అనడం ఆమె విన్నది. పరదా వెనక ఉన్నవాళ్లకి అన్నీ వినిపిస్తాయన్న సంగతి గౌస్‌కి ఎప్పుడూ గుర్తుండేది కాదు.

జూన్ మొదటివారంలో ఇద్దత్ పూర్తయిన మర్నాడు, చెప్పిన మాట ప్రకారం అబ్దుల్ ఖాదర్ పొద్దున బస్సుకే దిగాడు. నరసరావుపేట బేరగాడు మధ్యాహ్నానికి వస్తానని కబురు చేశాడు. గౌస్ మిల్లుకి సెలవు పెట్టాడు. చాప మీద అందరూ కూర్చున్నాక, పెట్టెతోపాటు ఆ పుస్తకం కూడా బేరగాడికి ఇస్తే నాలుగు రాళ్లు ఎక్కువిస్తాడేమోనని గౌస్ దాన్ని తిరగేశాడు. అతనికి ఒక్క వరసా కొరుకుడు పడలేదు.

“ఆ గుర్తులేవో వాడికి చెప్పేసి బట్టలు సర్దుకోమ్మా,” అన్నాడు అన్న.

చెప్పకుండా ఉంటే తనతో పని ఉంటుందని ఆమెకి తెలుసు. ఆ ఆలోచన రాలేదని అననని నాతో ఒప్పుకుంది. అయినా గౌస్ పక్కన కూర్చుని చెప్పింది. ఇది నిండు సున్న, అక్షరం. ఇది అరసున్న, అంకె. అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పుస్తకం అతని చేతికిచ్చేసింది. ఇక తన దగ్గర దాచిపెట్టుకున్నదేమీ లేదు.

“అన్నా, నేను రాను,” అంది అప్పుడు. “గది నాది. నేనే కూర్చుంటా.”

అబ్దుల్ ఖాదర్ చాలాసేపు మాట్లాడాడు. పరువు అన్నాడు, లారీలవాళ్లన్నాడు, రేపు జబ్బు చేస్తే ఎవరు చూస్తారన్నాడు. వాటిలో అబద్ధమేమీ లేదు. గౌస్ తన మాటే మళ్లీ చెప్పాడు. మాటలన్నీ అయ్యాక ఇద్దరూ ముసలామె వైపు చూశారు.

“పొద్దున సైరన్ దాకా ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటార్రా? నేనా?” అంది అమీర్‌బీ. “నా నడుం పోయింది. మీ అన్న ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పెట్టెని ఎవడికో అమ్మితే నేనీ ఇంట్లో ఉండను. ఆ బేరగాడు వస్తే వచ్చిన దారినే పొమ్మను.”

గౌస్ చివరికి ఒక మాటన్నాడు. సరే, నడుపుకోమను, కాకపోతే పరదా వెనక నుంచే. ముందు కుర్చీలో మాత్రం వద్దు. దానికి అన్న తలాడించాడు, అత్త కూడా కాదనలేదు. ముగ్గురికీ అది న్యాయంగానే కనిపించింది. భోజనాలు పెట్టి అన్నని బస్సెక్కించడానికి గౌస్ వెంట వెళ్లాడు. అమీర్‌బీ ముందు గదిలోకి పోయి కుర్చీలో కూర్చుంది. అప్పటికే జయరావూ ఇంకో డ్రైవరూ గుమ్మంలో ఉన్నారు.

నసీమున్నీసా వంట గిన్నెలు కడిగి బోర్లించింది. తల మీద పైట సర్దుకుంది. పరదా పక్కకి తీస్తే నాలుగడుగుల్లో ఆ కుర్చీ. ఆమె అటు వెళ్లలేదు. పెరటి తలుపు తీసుకుని సందులోకి దిగింది. నాలుగు నెలల తర్వాత ఇల్లు దాటి బయట కాలు పెట్టడం అదే మొదలు. సందు చివర టీ బంకు అతను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఆమె హైవే మీదికి వచ్చింది, బేళ్ల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయేదాకా ఆగింది, మిల్లు గోడ వెంబడి నడిచి, డ్రైవర్లు పక్కకి తప్పుకోగా రోడ్డు తలుపులోంచి తన గదిలోకి వచ్చింది.

అమీర్‌బీ ఆమెని కిందినుంచి పైదాకా చూసింది.

“ఊరంతా తిరిగి ఇక్కడికేనా వచ్చింది?”

“ఇక్కడికే అత్తా,” అంది నసీమున్నీసా. “కాస్త జరుగు.”