ఆవు తొట్టి కడిగిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే అనుమానం మనిషి మా తాతయ్య. రైల్వే లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యాక శ్రీకాకుళం వెళ్లకుండా, రాయపూర్‌లో మోవా అనే పేటలో మాతోనే ఉండిపోయారు. పాలవాడు వస్తే క్యాన్లోకి తొంగిచూసేవారు. సిలిండర్ వస్తే ఊపి చూసేవారు. నాన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక ఆ అనుమానానికి చేతినిండా పని దొరికింది.

ఒక వేసవి ఉదయం కారులో ఇంజను చల్లబరిచే కూలెంట్ మార్చడానికి ఇంటి ముందు ఆయనే కూర్చున్నారు. మెకానిక్‌కి ఇస్తే ఉత్త నీళ్లు పోసి పంపేస్తాడని ఆయన భయం. రాత్రంతా కదలని బండి అయినా, ఇంజను చల్లారిందో లేదో చేత్తో తాకి చూసుకున్నాకే మూత తిప్పారు. కింద పెట్టిన బేసిన్లోకి పాత కూలెంట్ ఆకుపచ్చగా, షర్బత్‌లా దిగింది. నేను వేలు పెట్టబోతే గట్టిగా చెయ్యి పట్టుకున్నారు. అది తియ్యగా ఉంటుందట, కడుపులోకి పోతే మనిషినైనా గొడ్డునైనా చంపుతుందట. తర్వాత రేడియేటర్ కడగడానికి నీళ్లు తేవాలని ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి బేసిను ఖాళీ.

మా గేటు బయట ఆవుల కోసం సిమెంటు తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, ఏవైనా అమ్మమ్మ అందులోనే పోసేది. గిన్నెలో ఏమైనా మిగిలితే ఆమె కాళ్లు వాటంతటవే గేటు వైపు నడిచేవి. ఒక ఎర్రావు రోజూ ఆ వేళకే వచ్చి కొమ్ముతో గేటు తట్టేది. ఆ రోజూ వచ్చింది. తాతయ్య పరుగున వెళ్లి తొట్టికి అడ్డంగా నిలబడ్డారు.

తొట్టిలో నీళ్లు తెల్లగా, చిక్కగా ఉన్నాయి. వాటిలో ఇంకేం కలిసిందో చూస్తే తెలిసేది కాదు.

"ఏటే, బేసిన్లోది ఇందులో పోసేసినావా?" అని కేకేశారు.

"నాను పొయ్యనేదు," అంది అమ్మమ్మ.

తాతయ్య బకెట్‌తో తొట్టిలో నీళ్లన్నీ పాత డ్రమ్ములోకి తోడటం మొదలుపెట్టారు. దాహంతో ఆవు అరుస్తోంది. ఎండలో ఆవుని తరుముతున్న ముసలాయన్ని వీధంతా చూస్తోంది. నిజం చెప్పాలంటే నాకూ అమ్మమ్మ మీదే అనుమానం. అలవాటు కొద్దీ పోసేసి మర్చిపోయి ఉంటుందనుకున్నాను.

"ఇన్నేళ్లు కాపురం చేసినాక నా మాట మీద నమ్మకం నేదా మీకు?" అంది అమ్మమ్మ. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

తాతయ్య తొట్టిని చీపురుతో రుద్ది కడుగుతుండగా పక్కింటి అక్క వచ్చింది. ఆమె చేతిలో ఒక డబ్బా ఉంది.

"తాతగారూ, మా కుక్క ఆ బేసిన్లో మూతి పెట్టబోయిందండీ. అందుకే డబ్బాలో పోసి ఢక్కన్ బిగించేశా. చెప్దామనుకుంటే ఫోనొచ్చింది."

తాతయ్య డబ్బా ఊపి చూశారు. మూత తీసి లోపలికీ చూశారు. అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు. తొట్టి నిండా కొత్తనీళ్లు పోసి, ఆవు కడుపారా తాగేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ తర్వాతే వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లారు.

"నీ మాట నమ్మకపోలేదే. ఆ తొట్టినే నమ్మలేదు."

"ఆ ముక్క ముందే అనొచ్చు గదా," అంది అమ్మమ్మ, ఇటు తిరగకుండానే. ఆ పూట అన్నం తాతయ్యే వడ్డించుకున్నారు.

ఇప్పుడు మా గేటు బయటా తొట్టి ఉంది. మా కారుకి కూలెంట్ నేనే మారుస్తాను. తాతయ్య అనుమానం మొత్తం నాకే వచ్చిందని ఇంట్లో ఏడిపిస్తుంటారు. మొన్న వేసవిలో బేసిన్లో కూలెంట్ కాస్త తగ్గినట్టు అనిపించింది. అడిగితే, తను ముట్టుకోలేదన్నారు మా ఆయన. బకెట్ అందుకోబోయి ఆగాను.

"మీరు పొయ్యలేదనే నమ్ముతున్నాను. అయినా తొట్టి కడుగుతాను," అన్నాను.

ఆయన నవ్వి, చీపురు తీసుకుని నా వెంట గేటు దాకా వచ్చారు.