మరియమ్మ పూల దిబ్బ

మా ఊరు రెంటచింతలకు నడిచి పోయేంత దూరం. ఊరి చివర సమాధుల తోట, దాని వెనక ఒక రాళ్ళదిబ్బ. నాలుగు వానలు పడితే చాలు, ఆ దిబ్బ మీద నీలం పూలు పూసేవి. నేలకు అంటుకుని పాకే మొక్క, శనగగింజంత పువ్వు. పొద్దున విచ్చుకుని, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముడుచుకునేది. పువ్వు కనపడకపోతే అది ఉత్త గడ్డి. దాని పేరు విష్ణుక్రాంతమని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. చర్చిలో మరియమ్మ తల్లి పైట రంగని మా అమ్మ వాటిని మరియమ్మ పూలనేది.

నా చెల్లెలు నాలుగేళ్ళకే జ్వరంతో పోయింది. బతికున్నప్పుడు, అమ్మ కట్టెలకు పోతే వెంటపడి వెళ్ళి ఆ పూలు ఒడినిండా కోసుకొచ్చేది. అందుకని ఏటా నవంబరులో సమాధుల పండుగ నాడు ఊరంతా బంతిపూలు తెస్తే, అమ్మ మాత్రం పొద్దు పొడవగానే దిబ్బ ఎక్కి ఆ నీలం పూలే తెచ్చి చెల్లెలి సమాధి మీద పోసేది. మధ్యాహ్నానికల్లా అవి ముడుచుకుపోయేవి.

"ముడుచుకుంటే ఏందిలేరా, నీ చెల్లెలు చూసేసిందిగా" అనేది.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను ట్రైనింగ్ పూర్తిచేసి మా ఊరి బడికే టీచరుగా వచ్చాను. వయసు ఇరవై రెండు. నాకు తెలియనిది లోకంలో లేదనుకునేవాణ్ణి. ఒక ఏడు వనమహోత్సవానికి బడికి సర్కారు తుమ్మ విత్తనాలు వచ్చాయి. నీళ్ళు అక్కర్లేదు, రాళ్ళలో కూడా మొలుస్తుంది, ఇక కట్టెలకు కరువుండదన్నారు. ఎక్కడ చల్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. దిబ్బ నా సొంత ఆలోచన.

ఆ మాట చెబితే, ఊడుస్తున్న అమ్మ చీపురు ఆపి నిలబడింది.

"ఆడెందుకురా?"

"ఖాళీగా పడి ఉంది గదమ్మా."

"ఖాళీ ఏందిరా? అన్ని పూలు పూస్తంటే నీ కళ్ళకి ఆనట్లేదా?"

"అవి పూలా? గడ్డి. పనికొచ్చే చెట్లు పెడుతుంటే అడ్డం రామాక."

అమ్మ చదువుకోలేదు, నేను చదువుకున్నాను. అంతటితో ఆమె నోరు మూయించాను. పిల్లల చేత పాటలు పాడిస్తూ దిబ్బంతా విత్తనాలు చల్లించాను.

అయిదారేళ్ళలో దిబ్బ పచ్చబడింది. ఊళ్ళో నన్ను మెచ్చుకోనివాళ్ళు లేరు. కట్టెలకు కరువు తీరిందన్న మాట అబద్ధం కాదు. కానీ కంపలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని కింద ఎండ పొడ పడకుండా చేశాయి. ఎండ లేనిచోట ఆ చిన్న మొక్క బతకలేదు. ఒక పండుగకు అమ్మ ముళ్ళు గీరిన చేతుల్లో నాలుగు పూలు తెచ్చింది. మరుసటేడు ఉత్త చేతులతో దిగి వచ్చింది. నన్ను నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ పై ఏడు పండుగ ముందు అమ్మకు చలిజ్వరం తగిలింది. ఏటా సమాధిని బాగుచేసేది ఆమే.

"నేను లేచాక చేసుకుంటా. నువ్వు ముట్టుకోమాక" అంది.

నాకు శ్రమ ఎందుకని అంటోందనుకున్నాను. నిజానికి ఆమెకోసం ఏదో ఒకటి చేస్తే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు. సాయంత్రం బడి వదిలాక పార తీసుకుని వెళ్ళాను. చిన్న మట్టికుప్ప, తలవైపు చెక్క సిలువ, చుట్టూ రాళ్ళు. కుప్ప మీద గడ్డేదో పాకి ఉంది. వేళ్ళతో సహా చెక్కేశాను. పక్క సమాధుల చెత్తతో కలిపి తగలబెట్టి, రాళ్ళకు సున్నం కొట్టి, తృప్తిగా ఇంటికొచ్చాను.

పండుగ పొద్దున అమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. చేతిలో కొవ్వొత్తి తప్ప పూలు లేవు. అయినా ముఖంలో ఎన్నడూ లేని తొందర. సమాధి దగ్గరకు రాగానే ఆగిపోయింది. కూలబడి, మట్టిని వేళ్ళతో వెతికింది.

"ఈడున్నది పీకి ఏడేశావురా?"

"తగలబెట్టానమ్మా. గడ్డేగా."

"నీ తుమ్మకంపల పక్కన ఒకే ఒక్క మొక్క మిగిలుంటే, వానల్లో తవ్వుకొచ్చి ఈడ పెట్టా. చానా బాగా నాటుకుంది. జ్వరం వచ్చేముందు కూడా పూసింది."

నేను వెళ్ళింది సాయంత్రం. పూలు ముడుచుకుని ఉన్నాయి. అన్నేళ్ళు అమ్మ వెంట చూసిన మొక్కను, పువ్వు కనపడకపోయేసరికి గుర్తుపట్టలేకపోయాను. పిల్లలకు పాఠాలు చెప్పే నా కళ్ళు అంతటివి.

"పోన్లే. శుభ్రంగా చేశావు" అని అమ్మ కొవ్వొత్తి నా చేతికిచ్చింది.

రెండు అగ్గిపుల్లలు గీశాను. రెండూ ఆరిపోయాయి. మూడోది అమ్మే గీసింది.